మా గుంట కొండెక్కితే మీకేటి నొప్పి?

వాన వెలిసిన పొద్దుట నౌపడ ఉప్పుమడుల గట్టు మీద నిలబడి ఉత్తరం దిక్కు చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. నీలంగా, నున్నగా, చేత్తో దిద్దినట్టు వుంటుంది. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. మన తాతలు ఆ నునుపే చూశారు, మనమూ అదే చూస్తున్నాం. కావిడి దించి చెమట తుడుచుకునే అరనిమిషంలో చూసే కొండ అది. దాని మీదికి మనలో ఎంతమంది వెళ్లారని అడిగితే లెక్కకు ఒక చేతి వేళ్లు చాలు.

ఇప్పుడీ మాట ఎందుకొచ్చిందో చెబుతాం. మా పేట పిల్ల ఒకతి గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో పరుగులు పెట్టించి, తాళ్లు పట్టించి, పర్వతారోహణ శిక్షణకు కొందరు పిల్లల్ని ఏరారు. అందులో మా పిల్ల వుంది. కబురు పేటకొచ్చిన సాయంత్రమే టీ బడ్డీ దగ్గర ఒకాయన, పేరు మనకెందుకు గానీ పొలమూ పలుకుబడీ వున్నవాడే, నోరు విప్పాడు. "ధరలు కొండెక్కినాయి. ఇప్పుడు ఈలూ కొండెక్కుతారట. మరి రేపు ఉప్పెవుడు మొయ్యాల?" నలుగురూ నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో మనవాళ్లు కూడా ఇద్దరున్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా ఆ ఇద్దరి కోసమే రాస్తున్నాం.

ఆయన మాటలో తిట్టు లేదు, కులం పేరు లేదు. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం పుస్తకం తీసి వెదికినా ఈ మాటకు సెక్షను దొరకదు. ఆ చట్టం వచ్చాక పెత్తందార్లు నేర్చుకున్న విద్య ఇదే. తిట్టడం తగ్గించి, నవ్వించడం మొదలుపెట్టారు. తిడితే మనం తిరగబడతాం. నవ్విస్తే మనమూ కలిసి నవ్వేస్తాం. "ఉప్పెవుడు మొయ్యాల" అన్న మాటలో మాత్రం మొత్తం మనుధర్మం వుంది. ఎవడు మొయ్యాలో పుట్టుకతోనే తేలిపోయింది, వాడు తల పైకెత్తి చూస్తే పని ఆగిపోతుంది, అని.

సరే, మోత మాటే మాట్లాడదాం. ఉప్పు పండే ఎండాకాలం నెలల్లో మన ఆడోళ్లూ మగోళ్లూ మడుల్లో దిగి పోగుచేసిన ఉప్పుని గంపల్లో, కావిళ్లతో కుప్ప మీదికి మోస్తారు. పాదాలు పగుల్తాయి, పగుళ్లలోకి ఉప్పునీరు పోతుంది. ఆ మంట గురించి తెలిసినవాడికి చెప్పక్కర్లేదు, తెలియనివాడికి చెప్పినా ఎక్కదు. ఒక చిన్న లెక్క వేద్దాం. కుప్ప మూడు మీటర్ల ఎత్తు అనుకోండి. ఒక మనిషి రోజుకి వందసార్లు ఎక్కి దిగుతాడనుకోండి. రోజుకి 300 మీటర్లు. 30 రోజులకి 9,000 మీటర్లు. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,848 మీటర్ల పైచిలుకు. అంటే మన కావిడివాడు నెలకో ఎవరెస్టు ఎక్కుతున్నాడు, అదీ బరువు భుజాన వేసుకుని. వాడికి ఆక్సిజన్ సిలిండరు అక్కర్లేదు నిజమే. నీడకి ఒక పాక, తాగడానికి ఒక కుండ నీళ్లు కూడా చాలాచోట్ల వుండవు.

ఇక కొండ మీద బతికేవాళ్ల సంగతి. సీతంపేట, సాలూరు, పాచిపెంట కొండల్లో దారి లేని గూడేల నుంచి, పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి ఇద్దరు మనుషులు కిందికి మోసుకొస్తున్నారు. రాళ్ల మీద, వాగుల్లో, చీకట్లో. పేపర్లో ఫోటో పడుతుంది. మళ్లీ ఆర్నెల్లకి ఇంకో గూడెం నుంచి అదే ఫోటో. ఆ మోసినవాళ్లని పర్వతారోహకులు అని ఏ పేపరూ రాయలేదు. బూట్లు తొడుక్కుని సరదాకి ఎక్కితే అది సాహసం. చెప్పుల్లేకుండా ప్రాణం కోసం ఎక్కి దిగితే అది వెనకబాటుతనం. మాటలు పుట్టించేదెవరో వాళ్ల పక్షమే మాటలు.

మన జిల్లాలో ఇంకో అర్థం కూడా వుండేది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపిన తర్వాత కొన్నేళ్లపాటు "ఫలానా కుర్రాడు కొండెక్కినాడు" అంటే సవరలతో కలిసి పోరాటంలోకి వెళ్లాడని. ఆ మాట ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. తెలుగులో దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని కదా. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో రెండర్థాలూ ఒక్కటయ్యాయి.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో వుంది. మన మందస నుంచి చూస్తే గుమ్మం ముందున్నట్టే వుంటుంది. మహేంద్రతనయ ఏరు అక్కడే పుట్టి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ మీద రాతి గుళ్లు వున్నాయి. వాటి పేర్లు వినండి: భీముడిది, ధర్మరాజుది, కుంతిది. గాంగ రాజుల కులదైవం గోకర్ణేశ్వరుడు అక్కడే. చోళరాజు వచ్చి గెలిచానని శాసనం చెక్కించుకున్నాడు. పరశురాముడు ఇంకా అక్కడే తపస్సు చేస్తున్నాడని చెబుతారు. హనుమంతుడు లంకకి దూకింది కూడా అక్కడి నుంచేనట. అందరికీ అక్కడ చోటు దొరికింది. ఆ కొండవాలులో పోడు చేసుకుని, విప్పపూలు ఏరుకుని, తరతరాలుగా ఆ దారులన్నీ కాలితో కనిపెట్టిన సవరల పేరుతో ఒక్క రాయి కూడా లేదు. దారి వేసినవాడొకడు, పేరు రాసుకున్నవాడింకొకడు.

ఇది మన మహేంద్రగిరి ఒక్కదాని కథే కాదు. ఎవరెస్టు మాత్రం ఏటి? టిబెట్టు వాళ్లకి అది చోమోలుంగ్మా. నేపాలు వాళ్లకి సాగరమాత. ఇండియాని కొలిచే తెల్లదొరల సర్వే ఆఫీసులో బెంగాలీ గుమస్తా రాధానాథ్ సిక్దర్ 1852లో లెక్కగట్టి ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయింది ఇదేనని తేల్చాడని చెబుతారు. 1865లో పేరు మాత్రం రిటైరైపోయిన దొర ఎవరెస్టుది పెట్టారు. 1953 మే 29న శిఖరం మీదికి మొదట చేరిన ఇద్దరిలో టెన్సింగ్ నార్గే ఒకడు. ఆయన 1935లో దొరల సామాను మోసే కూలీగా ఆ కొండకి వెళ్లాడు. చదవడం, రాయడం రాదు. దిగి వచ్చాక లోకమంతా ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: ముందు కాలు పెట్టింది నువ్వా, హిల్లరీయా? కూలీగా పద్దెనిమిదేళ్లు ఆ మంచులో ఏం మోశావు, ఎవరెవరు పోయారు అని అడిగినవాళ్లు తక్కువ.

ఇక అసలు సంగతికొద్దాం. టీ బడ్డీ దగ్గర నవ్విన మనవాళ్లకి తెలియదేమో, 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. నిజామాబాద్ జిల్లా పాకాల పల్లెలో లంబాడీ కూలీల బిడ్డ. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు ప్రపంచంలో లేదు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణ తాడ్వాయిలో, ఆనంద్ అన్నపురెడ్డిపల్లిలో చదివారు. ఇంకో ఎనిమిది రోజులకి రాష్ట్రం రెండయింది. అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆఖరి రోజుల్లో ఈ రాష్ట్రం పేరు అంత ఎత్తుకి మోసింది మంత్రుల కొడుకులు కాదు, కార్పొరేట్ కాలేజీల ర్యాంకర్లు కాదు. సంక్షేమ హాస్టలు అన్నం తిన్న పిల్లలు.

వాళ్లు ఎలా వెళ్లారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదేదో దేవుడు ఎత్తి పెట్టినట్టు జరిగింది కాదు. గురుకులాల కార్యదర్శిగా అప్పుడు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనే ఐపీఎస్ అధికారి వున్నారు. (ఆయన తర్వాత ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్లారు. ఆ రాజకీయాల మీద మనకి మన అభిప్రాయాలున్నాయి, వాటికిక్కడ పని లేదు.) శేఖర్ బాబు అనే పర్వతారోహకుడు పిల్లలకి గురువు. మొదట భువనగిరి ఖిల్లా. ఊరి మధ్యలో ఒకే బండరాయి ఏనుగు వీపులా లేచి వుంటుంది, దాని మీద కోట. ఆ రాతి మీద తాడుతో పాకడం నేర్పారు. అక్కడ నిలబడ్డవాళ్లని డార్జిలింగ్ పంపారు. టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కాక 1954లో పెట్టిన బడి అది, ఆయనే అక్కడ ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చాడు. ఆ తర్వాత లడఖ్ చలి. మొదలుపెట్టినవాళ్లు చాలామంది, చివరికి మిగిలింది ఇద్దరు. నేపాలు వైపు నుంచి పదహారేళ్లు నిండనివాళ్లకి అనుమతి లేదు గనక టిబెట్టు వైపు నుంచి ఎక్కారు. ఎనిమిది వేల మీటర్లు దాటాక మనం ఇక్కడ పీల్చే గాలిలో మూడోవంతు ప్రాణవాయువే అందుతుంది. దారిలో వెనకటి యాత్రల వాళ్ల శవాలు చూశానని పూర్ణ తర్వాత చాలా సభల్లో చెప్పింది. శిఖరం మీద జాతీయ జెండాతోపాటు ఆ పిల్లలు అంబేద్కర్ ఫోటో, ఎస్.ఆర్. శంకరన్ ఫోటో పట్టుకున్నారు. శంకరన్ అంటే గుర్తుంది కదా, వెట్టి రద్దు కోసం ఊరూరా తిరిగి, సాంఘిక సంక్షేమ శాఖలో వుండగా ఈ గురుకులాలకి పునాది వేసిన ఐఏఎస్. 2010లో పోయారు. బతికి వుంటే ఆ ఫోటో చూసి సిగ్గుపడి తల దించుకునేవారు, ఆయన తీరే అది.

పూర్ణ అక్కడితో ఆగలేదు. ఆఫ్రికాలో కిలిమంజారో, యూరపులో ఎల్బ్రస్, ఇలా ఏడు ఖండాల్లో ఏడు పెద్ద శిఖరాలూ 2022 నాటికి పూర్తి చేసింది.

శిఖరం మీద అంబేద్కర్ ఫోటో ఏటని ముక్కు విరిచినవాళ్లు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. వాళ్లకొక సంగతి చెప్పాలి. 1934లో బాబాసాహెబ్ ముప్పైమంది దాకా ఉద్యమ సహచరులతో వేరూల్ గుహలు చూడ్డానికి వెళ్తూ ఔరంగాబాద్ దగ్గర దౌలతాబాద్ కోటకి వెళ్లారు. అదీ కొండకోటే. భువనగిరి లాగే నిజాం రాజ్యంలోదే. ప్రయాణం దుమ్ము కడుక్కుందామని కోట వాకిలి దగ్గర వున్న చెరువు నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అది రంజాన్ నెల. ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, అంటరానివాళ్లు చెరువు మైలపరిచారని. జనం పోగయ్యారు. మీ మతం ఇదేనా నేర్పింది అని బాబాసాహెబ్ గట్టిగా అడిగితే గానీ వాళ్లు చల్లబడలేదు. చివరికి కోటలోకి పోనిచ్చారు గానీ ఒక షరతు మీద. లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదు. ముట్టకుండా చూడ్డానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు. హిందువుకి అంటరానివాడు ముసల్మానుకీ అంటరానివాడేనని ఆ రోజు తెలిసిందని ఆయనే రాసుకున్నారు. కొలంబియాలో, లండన్లో చదివి డాక్టరేట్లు తెచ్చుకున్న మనిషి కొండ ఎక్కుతుంటే, దాహమేస్తే నీళ్లు తాగకుండా తుపాకీ కాపలా.

సరిగ్గా ఎనభై ఏళ్లకి, అదే నిజాం ఏలిన నేలలో ఇంకో కొండకోట రాతి మీద పాకడం నేర్చుకున్న దళిత, గిరిజన పిల్లలు ఆయన ఫోటోని ఎవరెస్టు మీద పట్టుకున్నారు. అక్కడ తాగే నీళ్లు మంచు కరగబెట్టుకున్నవి. ఆ మంచు మైల పడిందని ఎవడూ అరవలేదు. ముక్కు విరిచేవాళ్లు ఇది తెలుసుకుని విరవండి.

పెత్తందార్ల నవ్వు సంగతి సరే. మన సంఘంలోనే వచ్చిన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నవ్వి తోసెయ్యలేం. గత పక్షం మీటింగులో ఒక పెద్దాయన లేచి అన్నమాట: "ఇద్దరు గుంటల్ని కొండెక్కించి ఫోటో తీసుకుంటారు. మిగిలిన గుంటలు పడుకునే హాస్టల్లో పైకప్పు కారుతాది. మనకి కావల్సింది కొండ మీద జెండా కాదు బాబూ, కింద ఎకరం భూమి." చాలామంది చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని నరికి చంపింది దేనికి? మడ్డువలస ప్రాజెక్టుకింద తీసుకున్న భూమిలో మిగిలిన చెక్కలు మనవాళ్లు సాగు చేసుకున్నందుకు. అప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు ఆ మండలం విజయనగరం జిల్లాలో వుంది. జిల్లా మారింది గానీ ఆ ఇళ్లలో పోయినవాళ్లు తిరిగి రాలేదు. భూమి ముందా, శిఖరం ముందా అని ఎవరైనా అడిగితే మా జవాబు భూమే.

కానీ అలా అడిగిందెవరు? రెండిట్లో ఒకటే ఏరుకో అని మనకి మాత్రమే ఎందుకు చెబుతారు? వాళ్ల పిల్లలకి పొలమూ వుంది, అమెరికా చదువూ వుంది, వేసవిలో మనాలీ యాత్రా వుంది. వాళ్లనెవరూ ముందు ఇది, తర్వాత అది అని వరసలో నిలబెట్టలేదు. పైకప్పు కారే హాస్టలు గురించి కొట్లాడదాం, కలెక్టరాఫీసు ముందు కూర్చుందాం, అది మన పని. ఆ హాస్టల్లో పిల్ల పై కొండ చూసి ఎక్కుతానంటే, ముందు కప్పు బాగుపడనీ తర్వాత ఎక్కుదువుగాని అని చెప్పడం మన పని కాదు. కప్పు బాగుపడేసరికి ఆ పిల్లకి ముప్పయ్యేళ్లొస్తాయి. గురుకులం అన్న మాటే మనది కాదు. ఏకలవ్యుడి బొటనవేలు తీసుకున్నది ఆ మాటే. ఆ పేరున్న బడిలో ఇప్పుడు మన పిల్లలు తాడు పట్టుకోవడం నేర్చుకుంటున్నారు, పది వేళ్లతోనూ.

వేలు అంటే గుర్తొచ్చింది. ఈ వ్యాసం అసలు రాయాల్సింది ఇక్కడి నుంచే.

మా పిల్ల తల్లి చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మూడు పేజీలు, ఇంగ్లీషులో. ఏ బడో, ఎవరు తెచ్చారో రాయం, వాళ్లు చెడ్డవాళ్లని మేం అనుకోవడం లేదు. తొందరలో వున్నారు, అంతే. మేం ముగ్గురం బడికి వెళ్లి ఆ కాగితం చదివి చెప్పమన్నాం. ఒక మేడం ఓపిగ్గా చదివారు. రెండో పేజీలో వుంది: శిక్షణలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా బాధ్యత తల్లిదండ్రులదే, ఎవరినీ ఏమీ అడగబోమని. ఇన్సూరెన్సు మాట లేదు. డాక్టరు వెంట వుంటాడా లేదా లేదు. పది పరీక్షల నాటికి తిరిగి పంపుతారా, పోయిన పాఠాలు చెబుతారా, లేదు.

బయటికొచ్చాక ఆ తల్లి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాం. "నా గుంట కొండెక్కితే నాకు సంతోసమే బాబూ. నానేటి అడ్డం పడతానా. కానీ ఏటి మీద ఏలిముద్దర ఏసినానో నాకు తెలవాల గదా?"

అదీ ప్రశ్న. ఈ మాట మోసేవాళ్లు ఇంకోచోట కూడా అడిగారు. పూర్ణ, ఆనంద్ టిబెట్టు వైపు వుండగానే, 2014 ఏప్రిల్ 18న నేపాలు వైపు ఖుంబు మంచుపాతంలో హిమపాతం విరిగిపడి పదహారుమంది నేపాలీ కూలీలు, ఎక్కువమంది షేర్పాలు, చచ్చిపోయారు. యాత్రికుల కోసం తెల్లారకముందే సామాన్లు మోస్తున్నవాళ్లు. నేపాలు ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి దహన ఖర్చులని నలభై వేల నేపాలీ రూపాయలు ప్రకటించింది. ఒక్కొక్క యాత్రికుడు లక్షలు కట్టి వస్తే, మోసి చచ్చినవాడి విలువ అంత. షేర్పాలు పని ఆపేశారు. నష్టపరిహారం పెంచండి, ఇన్సూరెన్సు పెంచండి అన్నారు. ఆ ఏడు ఆ వైపు యాత్రలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. కొండమీద కూడా సమ్మె చెయ్యొచ్చని వాళ్లు చూపించారు. మన పిల్లలు రేపు ఏ కొండెక్కినా వాళ్ల తాడు కట్టేది, గుడారం వేసేది, టీ కాచేది అలాంటి మనుషులే. వాళ్ల పేర్లు అడిగి తెలుసుకుని రమ్మని మా పిల్లకి చెప్పాం.

బడి వాళ్లని మేం అడిగినవి ఇవి. కాగితం తెలుగులో ఇవ్వాలి, పేటలో అందరి ముందూ చదవాలి. ఇన్సూరెన్సు కాపీ తల్లి చేతికి రావాలి. వెంట ఆడమనిషి వుండాలి, డాక్టరు వుండాలి. భయమేసి మధ్యలో తిరిగొస్తానంటే పిల్లని తిట్టకూడదు, పేరు కొట్టెయ్యకూడదు. ఇస్తామన్నారు. ఇది అచ్చుకి పంపేనాటికి తెలుగు కాగితం ఇంకా రాలేదు. ప్రయాణం పది రోజుల్లో వుంది. పిల్ల తల్లితో మాట్లాడ్డం మానేసింది. నువ్వూ మీ సంఘమూ కలిసి నన్ను ఆపేస్తున్నారు అంటోంది. మా మీదా కోపంగానే వుంది. వుండనీ. ఆ వయసులో మాక్కూడా అంత కోపం వుండి వుంటే బాగుండేది. మంగళవారం నాటికి కాగితం రాకపోతే మళ్లీ వెళ్తాం, ఈసారి ముగ్గురం కాదు. తెలుగు చదవగలిగిన ప్రతి ఆడమనిషినీ రమ్మంటున్నాం.

ఇంకో కబురు. ఆ పిల్ల వెళ్లినా వెళ్లకపోయినా, వచ్చే నెల రెండో శనివారం పేట పిల్లలతో మేం మహేంద్రగిరి ఎక్కుతున్నాం. జీపు దారి పర్లాకిమిడి వైపు నుంచి వుంది, మేం మాత్రం మందస వైపు నుంచి నడుస్తాం. పొద్దుటి పాసింజరుకి నౌపడలో ఎక్కి మందస రోడ్డులో దిగాలి. అటవీశాఖ వాళ్లని ముందే అడుగుతున్నాం. దారి చూపడానికి సవర అన్నలిద్దరు ఒప్పుకున్నారు, వాళ్లకి రోజు కూలి మనమే ఇస్తాం, మనిషికి ఇరవై రూపాయల చందా. రాత్రికి అటుకులు, బెల్లం, దుప్పటి ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. నీళ్లు అందరివీ ఒకే బిందెలో. కాళ్లకి సరైన చెప్పుల్లేని పిల్లల పేర్లు శుక్రవారంలోగా చెప్పండి, కొలత తీసుకుని టెక్కలి సంతలో కొంటాం. టీ బడ్డీ దగ్గర నవ్విన ఆ ఇద్దరు అన్నలూ రావాలి. సామాను వాళ్లే మోస్తారు.